సాల్వెంట్ నిల్వ గదిని క్రేన్‌తో దించడం: 20 టన్నుల క్రేన్ చాలునా?

ప్రశ్న: పరవాడలోని మా మందుల కర్మాగారానికి సాల్వెంట్ (ద్రావకం) డ్రమ్ములు ఉంచడానికి, ముందే తయారు చేసిన 9 టన్నుల ఉక్కు గది ట్రైలర్‌పై రానుంది. 20 టన్నుల క్రేన్ చాలునని కాంట్రాక్టరు గారు అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: ఆ 20 టన్నులు బూమ్ (క్రేన్ చేయి) బరువును బాగా దగ్గరగా పట్టుకున్నప్పటి లెక్క. దూరం పెరిగేకొద్దీ సామర్థ్యం తగ్గిపోతుంది కనుక, గదిని దించే చోటు వరకు రేడియస్ (క్రేన్ తిరిగే కేంద్రం నుంచి హుక్ వరకు అడ్డదూరం) కొలిచి, హుక్, స్లింగులు (గదిని హుక్‌కు కట్టే తాళ్లు లేదా గొలుసులు), స్ప్రెడర్ బీమ్ (వాటిని ఎడంగా పట్టే దూలం) బరువులను కూడా కలిపి లోడ్ చార్టుతో (ఏ దూరంలో క్రేన్ ఎంత ఎత్తగలదో చూపే పట్టిక) సరిచూడమనండి. స్లింగులు నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే వాటిపై లాగుడు నిలువుగా ఉన్నప్పటికన్నా సుమారు 15 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీలకు దిగితే రెట్టింపవుతుంది. చార్టు చూపని కాంట్రాక్టరును నేనైతే గేటు దాటనివ్వను.

మరో జవాబు: ఔట్‌రిగ్గర్ల (క్రేన్ పక్కలకు చాచి నేలపై ఆనించే కాళ్ల) కింద పాత కాలువలు, కేబుల్ ట్రెంచులు లేవని నిర్ధారించుకోండి. పునాది మట్టం సరిగా లేకపోతే, కారిన ద్రవాన్ని పట్టే అడుగు తొట్టి ఒక పక్కకు వాలి, పూర్తిగా నిండకముందే పొంగిపొర్లుతుంది. ఎర్తింగ్ పరీక్షించాకే డ్రమ్ములు లోపలికి చేర్చాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. లోడ్ చార్టు, రేడియస్ కొలతలు రాతపూర్వకంగా అడుగుతున్నాను.