పొరపాటును తానే రాసిన సిస్టరుకు మెమో ఇస్తే, ఆ తర్వాత ఎవరు రాస్తారు?

ప్రశ్న (వార్డు ఇన్‌చార్జి, నెల్లూరు):
అందరికీ నమస్కారం. నెల్లూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. రెండు నెలల కిందట నైట్ డ్యూటీలో ఉన్న ఒక కొత్త సిస్టరు, యాంటీబయాటిక్ పొడిని కలపడానికి డిస్టిల్డ్ వాటర్ అనుకొని పొటాషియం క్లోరైడ్ ఆంపూల్ తీసుకున్నది. రెండూ 10 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ ఆంపూళ్లే, రెండింటిలోనూ నీళ్లలాంటి ద్రవమే, పైగా ఒకే ట్రేలో పక్కపక్కనే ఉన్నాయి. మూత తుంచబోతూ లేబుల్ చదివి ఆగిపోయింది కాబట్టి రోగికి ఏమీ కాలేదు. తెల్లవారగానే ఆ సంగతిని తానే ఇన్సిడెంట్ రిజిస్టరులో రాసింది. యాజమాన్యం ఆమెను అందరి ముందూ మందలించి, మెమో ఇచ్చి, మూడు రోజుల జీతం కోసింది. ఆనాటి నుంచి ఆ రిజిస్టరులో ఒక్క అక్షరం పడలేదు. నెలవారీ సమావేశంలో మాత్రం ‘సంఘటనలు సున్నా’ అని సంతోషంగా చదువుతున్నారు. ఆ సున్నాను చూస్తే నాకు భయం వేస్తోంది. పైవారు ఏం చేస్తే సిబ్బంది మళ్లీ రాస్తారో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత సూపరింటెండెంట్, ఒంగోలు):
అమ్మా, మీ భయం సరైనదే. పొటాషియం గాఢ ద్రావణాన్ని పలచన చేయకుండా నరంలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అందుకే దానిని మామూలు వార్డుల్లో నిల్వ ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్ల తరబడి చెబుతోంది. కాబట్టి అది ఆ ట్రేలోకి ఎలా వచ్చిందన్నదే యాజమాన్యం మొదట వేసుకోవలసిన ప్రశ్న. జీతం కోసినా ట్రే అలాగే ఉంటే రేపు ఇంకొక సిస్టరు చెయ్యి అక్కడికే వెళుతుంది. తెలిసి తెలిసీ నియమం దాటినవారినీ, నిజం దాచడానికి కేస్ షీటు దిద్దినవారినీ దండించవలసిందే, కానీ ఇది ఆ కోవలోది కాదు.

నేను పనిచేసిన రోజుల్లో ప్రతి బుధవారం ఫైలు లేకుండా వార్డుల్లోకి వెళ్లి, ఈ వారం ఏది తృటిలో తప్పిందని అడిగేవాడిని. మూడు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. నాలుగో వారం ఒక వార్డు బాయ్, ఆక్సిజన్ సిలిండరు తెరిచే తాళంచెవి కనబడక ప్రతిసారీ పక్క వార్డుకు పరుగెత్తుతున్నామని చెప్పాడు. ఆ సాయంత్రానికే ప్రతి సిలిండరుకూ గొలుసుతో ఒక తాళంచెవి కట్టించాము. మరుసటి బుధవారం ఐదుగురు మాట్లాడారు. చెప్పినందువల్ల ఏదో ఒకటి మారిందని కళ్లతో చూస్తేనే మనుషులు చెబుతారని నాకు అప్పుడు అర్థమైంది. ఆసుపత్రులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ సంస్థ ప్రమాణాలు కూడా సంఘటనలను నమోదు చేసి వాటి మూలకారణాన్ని వెతకమంటాయి. మీ యాజమాన్యానికి ఆ మాట గుర్తు చేయండి.

జవాబు (మత్తు వైద్యుడు, కావలి):
ఆపరేషన్ థియేటరు గురించి ఒక మాట చెబుతాను. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన 19 అంశాల శస్త్రచికిత్స తనిఖీ పట్టికను న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కోత పెట్టే ముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, పని చెప్పుకోవడం కూడా అందులో ఉంది. ఒకసారి తన పేరు చెప్పిన నర్సు, రక్తం అద్దే స్పాంజీల లెక్క కుదరలేదని చెప్పడానికి అంతగా వెనుకాడదు. అయితే ఎక్కువ కేసులు తెచ్చే సర్జన్ కదా అని అతని అరుపులను యాజమాన్యం చూసీ చూడనట్లు వదిలేస్తే, ఆ పట్టిక మీద టిక్కులు మాత్రమే మిగులుతాయి. ఆయనను గదిలోకి పిలిచి మాట్లాడవలసినది డైరెక్టరే. ఆ పని హెడ్ నర్సు మీద వేయకూడదు.

జవాబు (రోగి కుమారుడు, కందుకూరు):
మా నాన్నగారికి ఒక ఆసుపత్రిలో పక్క మంచం వారి బీపీ మాత్ర ఇచ్చారు. గంటలోపే పెద్ద డాక్టరుగారు మంచం పక్కన కూర్చొని జరిగినది దాచకుండా చెప్పి, రాత్రంతా బీపీ పరీక్ష చేయించారు. మాకు కోపం రాలేదని అనను, కానీ నమ్మకం పోలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సోమవారం సమావేశంలో మొదట ఆ ట్రే విషయమే ఎత్తి, పొటాషియాన్ని ఐసీయూకు, ఫార్మసీకి పరిమితం చేయమని కోరతాను. మెమో వెనక్కి తీసుకోమని కూడా అడుగుతాను. ఆ అమ్మాయి ఇప్పటికీ ప్రతి ఆంపూల్ లేబులునూ రెండుసార్లు పైకి చదివిన తర్వాతే మూత తుంచుతోంది.