వెరోనా పని అయ్యాక అయిదు రాత్రులు: ఇటలీ తీరంలో ఎక్కడ దిగితే బాగుంటుంది?

చీమకుర్తి_నల్లరాయి:

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్ చూసుకుంటుంటాను. సెప్టెంబరు చివర్లో వెరోనాలో మార్మోమాక్ అని రాళ్ల ఎగ్జిబిషన్ జరుగుతుంది కదా, దానికి వెళ్తున్నాను. ఇంతకుముందు రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ హాలు, హోటలు, ఎయిర్‌పోర్టు, అంతే. ఈసారి మా అమ్మాయి కూడా వస్తోంది. పని అయిపోయాక అయిదు రాత్రులు మా ఇద్దరికోసం అట్టిపెట్టుకున్నాను.

అమ్మాయికి పంతొమ్మిదేళ్లు, నెల్లూరులో బీటెక్ చదువుతోంది. కొండలంటే ప్రాణం. పోయిన డిసెంబరులో ఇద్దరం ఉదయగిరి దుర్గం ఎక్కాం. చీకటితోనే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు దిగేశాం. ఎక్కేటప్పుడు నాకేమీ కాలేదు గానీ, దిగేటప్పుడు సగం దారిలో కుడి మోకాలు పట్టేసింది. అమ్మాయి భుజం పట్టుకుని దిగాను. నాకు నలభై ఏడేళ్లు. ఇంకో పదేళ్లకు ఇలాంటివి తనతో కలిసి చేయగలనో లేదో అని అప్పట్నుంచి మనసులో ఉంది. ఈ ప్రయాణం అందుకే.

వెరోనా నుంచి రైల్లో పోగలిగిన తీరం కావాలి. అందరూ చింక్వే తెర్రె అంటున్నారు. కొండ అంచున అయిదు ఊళ్లు, కింద సముద్రం, ఊరికీ ఊరికీ మధ్య కాలిదారి. బాగానే ఉంది. ఎక్కడ దిగాలన్నదే తేలడం లేదు. ఆ అయిదు ఊళ్లలోనే ఒకదాంట్లోనా, పక్కనున్న లెవాంతోలోనా, లా స్పెజియాలోనా, పోర్టోవెనెరెలోనా? రెండు మూడు రోజులు నడక, ఒకరోజు సైకిలో కయాకో, అమ్మాయికి ఒక పూటైనా గైడుతో రాక్ క్లైంబింగ్. ఇదీ మా కోరిక. కారు అద్దెకు తీసుకోను, ఆ మలుపుల రోడ్ల మీద నాకు టెన్షన్. వీసాకు బస బుకింగ్ చూపించాలి కాబట్టి ఈ నెలలోనే తేల్చుకోవాలి. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

మైపాడు_అల:

అన్నా, వెర్నాత్సాలో ఉండండి. మేం పెళ్లయిన కొత్తలో వెళ్లాం. పగలంతా జనం కిటకిటలాడతారు. సాయంత్రం ఆరు దాటాక పడవలు, రైళ్లు వాళ్లందరినీ తీసుకెళ్లిపోతాయి. అప్పుడు ఆ చిన్న రేవులో రాతి గోడ మీద కూర్చుంటే అలల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. బయట ఊళ్లో దిగినవాళ్లకు ఆ రెండు గంటలు దొరకవు. డబ్బు కొంచెం ఎక్కువైనా సరే, పాపకు గుర్తుండిపోతుంది.

కందుకూరోడు:

అన్నా, నేను మిలాన్‌లో రెండేళ్లు ఎమ్మెస్ చదివాను. శుక్రవారం క్లాసు అయిపోగానే బ్యాగు తగిలించుకుని రైలెక్కేవాణ్ణి. ఆ తీరానికి నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ వేరే వేరే చోట దిగాను. పై అన్న చెప్పిన సాయంత్రం నిజమే, నేనూ చూశాను. అయినా మీకు మాత్రం లెవాంతోనే చెప్తాను.

మొదటిసారి నేను దిగింది వెర్నాత్సాలోనే. అక్టోబరు రెండో వారం. రాత్రి వాన మొదలైంది. పొద్దున్నే బూట్లు బిగించుకుని కోర్నీలియా వెళ్లే దారి దగ్గరికి పోతే అడ్డంగా గొలుసు, పక్కన ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం. వాతావరణ హెచ్చరిక నారింజ రంగుకో ఎరుపుకో వెళ్తే అక్కడ కాలిదారులు మూసేస్తారు. గొలుసు అవతల నాలుగు అడుగుల్లో దారి మలుపు తిరిగి ద్రాక్షతోటలోకి పోతోంది, కళ్లకు కనపడుతూనే ఉంది. రెండు రోజులు అంతే. ఊరంటే ఒకటే వీధి, ఆ చివర సముద్రం, ఈ చివర రైల్వే స్టేషను. ఒక్క పూటలో చూడటం అయిపోయింది. మిగతా సమయమంతా మూడో అంతస్తు గదిలో వాన చూస్తూ కూర్చున్నాను. ఆ మేడకు లిఫ్ట్ లేదు, మెట్లు ఒక మనిషి పట్టేంతే, సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని ఎక్కాను.

వాళ్ల జాగ్రత్తకు కారణం ఉంది. 2011 అక్టోబరు 25న కొన్ని గంటల్లోనే కుండపోత కురిసి కొండ మీది మట్టీ రాళ్లూ వెర్నాత్సా, మాంటెరోస్సో వీధుల్లోకి దిగాయి. అంగళ్లన్నీ బురదలో కూరుకుపోయాయి, మనుషులు పోయారు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే, రైలు పట్టాలు దెబ్బతిన్నప్పుడు మనం చూశాం కదా, నీళ్లు ఒకసారి దారి పట్టుకుంటే ఎట్టా ఉంటుందో. అక్కడ దానికి తోడు నిట్టనిలువు కొండ. ఆ కొండంతా మెట్లు మెట్లుగా కట్టిన మళ్లు, ఒక్కో మడికి సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. వెయ్యేళ్లుగా చేత్తో పేర్చుతూ వచ్చారు. 1997లో యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా ఈ గోడలూ మళ్లూ ఉన్న కొండవాలుకే. ఇప్పుడు సాగు తగ్గిపోయి, చూసే చేతులు లేక గోడలు ఒరిగిపోతున్నాయి, వానకు జారుతున్నాయి. మీరు రాయి తెలిసిన మనిషి, మీకు అక్కడ నాకంటే ఎక్కువ కనపడుతుంది.

అప్పట్నుంచి నేను బస వెతికేటప్పుడు ఒకటే అడుగుతాను: దారి మూసేసిన రోజు ఇక్కడ ఏం చేయగలను? లెవాంతోలో దానికి జవాబుంది. అక్కడ్నుంచి బోనస్సోలా, ఫ్రామురా దాకా పాత రైలు మార్గాన్ని నడకకూ సైకిళ్లకూ మార్చారు. అయిదారు కిలోమీటర్లు, ఎక్కువ భాగం సొరంగాల్లోనే, లైట్లుంటాయి. సొరంగానికీ సొరంగానికీ మధ్య ఒక్కసారి వెలుతురు పడి పక్కనే సముద్రం కనపడుతుంది, మళ్లీ చీకటి. చినుకులు పడుతున్నా తొక్కొచ్చు. సైకిళ్లు ఊళ్లోనే అద్దెకిస్తారు. ఊరు చదును, మీ మోకాలికి హాయి. అలలు లేచిన రోజు సర్ఫింగ్ చేసేవాళ్లతో తీరం నిండిపోతుంది. మాంటెరోస్సో రైల్లో అయిదారు నిమిషాలే, అయిదు ఊళ్లకూ అదే రైలు తిరుగుతుంది.

నడకలో మొదటిరోజు పుంటా మెస్కో కొండకొమ్ము మీదుగా పెట్టుకోండి. లెవాంతోకూ మాంటెరోస్సోకూ మధ్య మూడు గంటల దారి, టికెట్ అక్కర్లేదు. చాలామంది లెవాంతోలో మొదలుపెట్టి మాంటెరోస్సోలో దిగుతారు. మీరు తిరగేసి వెళ్లండి. రైల్లో మాంటెరోస్సో పోయి అక్కడ్నుంచి ఎక్కండి, ఎందుకంటే నిలువు రాతి మెట్లన్నీ ఆ వైపే ఉన్నాయి. ఎక్కుడుకు మీ మోకాలు బాగానే ఉందన్నారు కదా. లెవాంతో వైపు దిగుడు నిదానంగా, పైన్ చెట్ల నీడలో ఉంటుంది. కొమ్ము మీద పాడుబడిన ఆశ్రమం ఒకటుంది. అక్కడ నిలబడితే అయిదు ఊళ్లూ వరసలో కనపడతాయి.

మాంటెరోస్సో, వెర్నాత్సా, కోర్నీలియాల మధ్య దారికి అక్కడి నేషనల్ పార్కు వాళ్ల కార్డు కొనాలి. రబ్బరు చెప్పులతో నడిస్తే జరిమానా వేస్తారు. రియోమజ్జోరె, మానరోలా మధ్య ఉన్న వియా దెల్ అమోరె కొండరాళ్లు పడి 2012లో మూతపడి, 2024లో మళ్లీ తెరిచారు. చదునైన దారి, కిలోమీటరు లోపే. దానికి వేరే టికెట్, ముందే బుక్ చేసుకోండి.

ఇంక పోర్టోవెనెరె. అక్కడికి రైలు లేదు. లా స్పెజియాలో దిగి బస్సెక్కాలి. మీ అమ్మాయి క్లైంబింగ్ మాత్రం అక్కడే. ఊరి వెనకాల ముజ్జెరోనె కొండ, సముద్రం మీదికి దిగే సున్నపురాయి గోడలు, గైడులు దొరుకుతారు. మీకు కూడా అక్కడ పనుంది. పోర్టోరో అనే నల్లరాయి పుట్టింది ఆ చుట్టుపక్కలే. ఎదురుగా ఉన్న పాల్మారియా దీవికి పడవలో పోతే పాత పోర్టోరో క్వారీలు ఇప్పటికీ కనపడతాయి. దీవి చుట్టూ కాలిదారి ఉంది.

స్టోన్‌హౌస్‌పేట_శిరి:

అన్నగారూ, నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. పోయినేడాది మా అమ్మను తీసుకుని లా స్పెజియాలో దిగి చింక్వే తెర్రె చూసొచ్చాను. అందుకే మీ మోకాలి సంగతి చదివి ఆగలేకపోయాను.

ఎక్కేటప్పుడు లేని నొప్పి దిగేటప్పుడు రావడం చాలామందిలో చూస్తాం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ఆ కండరం బలంగా లేకపోతే భారం మోకాలి చిప్ప మీద పడుతుంది. ముందు ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించండి. పెద్ద సమస్య లేదంటే ఇప్పట్నుంచే ఇంట్లో మొదటి మెట్టు మీద నిలబడి, ఎడమ పాదం మెల్లగా కిందికి దించి నేలకు తాకించి మళ్లీ పైకి తీసుకోండి. బరువంతా కుడికాలి మీదే ఉండాలి, మోకాలు లోపలికి వాలకూడదు. పదిసార్లు, రోజు మార్చి రోజు. నొప్పి పుడితే ఆపేయండి. మడతపెట్టే నడక కర్రలు రెండు కొనుక్కోండి, ఒకటి చాలదు. దిగేటప్పుడు రెండూ ముందు మెట్టు మీద ఆనించి తర్వాత కాలు వేయాలి. వాటిని చేతి బ్యాగులో కాకుండా చెకిన్ లగేజీలో పెట్టండి.

కోర్నీలియా ఒక్కటే సముద్రం ఒడ్డున లేదు, గుట్ట మీదుంది. స్టేషను నుంచి ఊళ్లోకి 380కి పైగా మెట్లు. మా అమ్మ వంద మెట్లకే కూర్చుండిపోయింది. చిన్న బస్సు ఉందని ఎవరో చెబితే వెనక్కి దిగి అందులో వెళ్లాం. మీరు మెట్లెక్కి బస్సులో దిగండి.

తిండికి భయపడకండి. ఫరినాతా అని ఒకటి తప్పకుండా తినండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు కరకర, మధ్యలో మెత్తగా. మా అమ్మ దాని మీద కారప్పొడి చల్లుకుని అట్టులాగా తింది. చేపలు తినేవాళ్లయితే మాంటెరోస్సోలో నెత్తళ్లు. ఉప్పులో ఊరబెట్టినవి, నిమ్మరసంలో నానబెట్టినవి, వేయించినవి, అన్నీ దొరుకుతాయి.

చీమకుర్తి_నల్లరాయి:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రాత్రి భోజనాలయ్యాక ఇవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. మెట్టు మీద కాలు దించే వ్యాయామం అప్పటికప్పుడే నాతో చేయించింది. ఏడోసారికి తొడ వణికింది. సోమవారం ఒంగోలులో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.

కందుకూరు తమ్ముడూ, పోర్టోరో మాట చెప్పి నాకు నిద్ర లేకుండా చేశావు. ఆ రాయి స్లాబుని వెరోనా హాల్లో చూశాను. నలుపు మీద బంగారు గీతలు. మన గెలాక్సీలో బంగారు చుక్కలైతే దాంట్లో గీతలు. చేత్తో తడిమి చూశాను గానీ అది ఏ కొండలోంచి వచ్చిందో, ఆ కొండ చూడొచ్చో లేదో ఎవర్నీ అడగలేదు. మా నాన్న క్వారీలో మేస్త్రీగా చేశాడు. బ్లాకు బయటికి తీయగానే బకెట్టెడు నీళ్లు కుమ్మరించి బీడీ కాలేంతసేపు కూర్చునేవాడు. రాయంతా ఆరిపోయాక పగులున్న చోట మాత్రం సన్నగా తడిగీత మిగిలిపోతుంది. దాన్ని వేలితో చూపించి, ఇక్కడ కొయ్యొద్దు అనేవాడు. నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. మా అమ్మాయి ఇప్పటిదాకా మన క్వారీ తప్ప ఇంకో క్వారీ చూడలేదు. ఆ దీవిలో తనతో కలిసి నిలబడాలని ఉంది.

అందుకని ఇలా అనుకున్నాం. మొదటి మూడు రాత్రులు లెవాంతో, చివరి రెండు లా స్పెజియా. లెవాంతోలో ఉన్నప్పుడు మెస్కో నడక, సైకిలు, ఇంకో రోజు మాంటెరోస్సో నుంచి వెర్నాత్సా. మైపాడు అన్న చెప్పిన సాయంత్రం కూడా వదులుకోము, ఆ రోజు చీకటి పడేదాకా రేవులో కూర్చుని చివరి రైళ్లలో తిరిగొస్తాం. స్పెజియాకు మారాక ఒకరోజు పోర్టోవెనెరె, పాల్మారియా. ఇంకో పూట కరారా కూడా వీలవుతుందా? మైకెలాంజెలో పాలరాయి ఎంచుకున్న కొండలు అంత దగ్గర్లో ఉండగా చూడకుండా రావడం నా వల్ల కాదు. రెండు బసలు పెట్టుకోవడం తప్పు నిర్ణయమా?

కందుకూరోడు:

తప్పేమీ కాదన్నా, మీకు అదే సరైనది. మీకు కొండ ఎంత ముఖ్యమో క్వారీ కూడా అంతే ముఖ్యమని నేను ముందు ఆలోచించలేదు. స్పెజియా నౌకాదళం ఉన్న పెద్ద ఊరు, గదులు అయిదు ఊళ్లకంటే చవక. స్టేషనుకు నడిచిపోయే దూరంలో చూసుకోండి. అక్కడ్నుంచి కరారా అవెంజా స్టేషను అరగంట లోపే. స్టేషను నుంచి పైన క్వారీలకు బస్సో టాక్సీయో పట్టాలి, ఫాంటిస్క్రిట్టి దగ్గర జీపుల్లో పైకి తిప్పి చూపిస్తారు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి వెనక్కి రావచ్చు.

క్లైంబింగ్, పాల్మారియా ఒకే రోజు పెట్టకండి. అమ్మాయి పొద్దున ముజ్జెరోనెలో ఎక్కితే సాయంత్రానికి చేతులు పనిచేయవు. కరారా వెళ్లిన రోజు మధ్యాహ్నం క్లైంబింగ్ పెట్టుకుంటే పాల్మారియాకు రోజంతా దొరుకుతుంది. వానొచ్చే రోజు కరారా పెట్టుకోండి, దీవికి ఎండ రోజు ఉంచుకోండి.

వెరోనా నుంచి మిలాన్ మీదుగానో బొలోన్యా మీదుగానో రైలు మారాలి, నాలుగు గంటలు వేసుకోండి. కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీద మిషన్లో ముద్ర వేయించడం మర్చిపోకండి. పాల్మారియాలో దిగగానే తిరుగు పడవ ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో అడిగి పెట్టుకోండి. సెప్టెంబరు దాటితే ట్రిప్పులు తగ్గిస్తారు, క్వారీ దగ్గర మీరు టైము చూసుకోరు.