ఓడబేరం, బిడారు: స్ట్రాటజీ గేముల్లో వర్తకానికి మన మాటలు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక రాజ్యాన్ని నడుపుతూ మిగతా రాజ్యాలతో పోటీపడే సివిలైజేషన్ 5 గేమ్ మీద తెలుగులో వీడియోలు చేస్తుంటాను. ఎక్కువగా వెనిస్ రాజ్యాన్ని తీసుకుని ఆడతాను. వెనిస్‌కి కొత్త ఊళ్ళు కట్టే అవకాశం లేదు. దానికి బదులు మిగతా రాజ్యాలకంటే రెట్టింపు ట్రేడ్ రూట్లు, అంటే వర్తకం సాగే దారులు, ఇస్తారు. సైన్యాన్ని పెద్దగా నమ్ముకోకుండా బంగారంతోనే నెగ్గుకురావాలి, చిన్న నగర రాజ్యాలను డబ్బిచ్చి కలుపుకోవాలి. ఇంత మంచి ఆటను చెబుతూ మాటిమాటికీ "వాణిజ్య మార్గం", "వాణిజ్య ఒప్పందం" అంటుంటే పాఠం అప్పజెబుతున్నట్టు ఉంటోంది. నోటికి పట్టే మాటలుంటే చెప్పండి.

జవాబు:
ట్రేడ్ రూట్ అనే అనెయ్ బ్రో. గేమ్ ఆడేవాళ్ళందరికీ తెలిసిన మాటే కదా.

జవాబు:
అలా అన్నా తప్పేం లేదు. కానీ తమ్ముడు అడిగిన మాటలు తెలుగులో ఉన్నాయి, వాడకపోతే మనకే నష్టం.

ముందు "బేరం" తీసుకోండి. వ్యవహారం అన్నది బేహారమై, బేరమైంది. ధర దగ్గర గీచిగీచి అడగడం బేరమే, అమ్మకమూ బేరమే. "పొద్దున్నుంచి ఒక్క బేరం తగల్లేదు" అని కొట్టువాళ్ళు అంటుంటారు కదా. ఈ గేమ్‌లో ఇంకో రాజుతో ఎదురెదురుగా కూర్చుని "నీ ఇనుము నాకివ్వు, వంతుకింత బంగారం ఇస్తా" అనే తెర ఉంటుంది. దాన్ని ఒప్పందం అనడంకంటే బేరం అంటేనే బాగుంటుంది. బేరం కుదిరింది, బేరం చెడింది, బేరం తెగలేదు. క్రియలు కూడా దానితోనే వస్తున్నాయి చూడండి.

నేల మీద పోయే కారవాన్‌కి "బిడారు" ఉంది. ఒంటెల బిడారు అంటే ఇప్పటికీ అందరికీ తెలుస్తుంది. సముద్రం మీద సాగే వర్తకానికి "ఓడబేరం" అనే పాత మాట ఉంది. నాకు చాలా ఇష్టమైన మాట అది. ఈ గేమ్‌లో బిడారుకంటే ఓడకు రెట్టింపు బంగారం వస్తుంది కాబట్టి వెనిస్ ఆడేవాళ్ళకు ఇదే అసలు మాట. "ఈసారి నాలుగు ఓడబేరాలు, ఒక్క బిడారు" అని చెప్పి చూడండి, ఎంత తేలిగ్గా వస్తుందో.

ప్రశ్న అడిగినవారు:
ఓడబేరం అదిరింది అన్నా! ఇంకో సందేహం. వర్తకంతో ఆడటమంటే పిరికి ఆట అని కామెంట్లు పెడుతుంటారు. దీని గురించి మన పద్యాల్లో ఏమైనా ఉందా?

జవాబు:
ఉంది. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం తీయండి. యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెప్పే చోట రేవుల సంగతి వస్తుంది. రేవులు బాగుచేయాలి, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, గంధం, ముత్యాలు మన రేవుల్లో దిగాలి, తుఫానుకో జబ్బుకో ఒడ్డు చేరిన పరదేశీయులను ఆదుకోవాలి అంటాడు. ఆ తర్వాతిది అసలు విషయం. దూర దేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్ళిచ్చి, నగరంలో ఇళ్ళిచ్చి, కొలువులో చోటిచ్చి, లాభం మిగిలే ధర ఇచ్చి మనవాళ్ళను చేసుకోవాలట. ఎందుకంటే అప్పుడా గుర్రాలు శత్రువుకు చేరవు.

ఇది రాసినవాడు కత్తి పట్టని మనిషి కాదు, కృష్ణదేవరాయలు. ఆ రోజుల్లో మంచి యుద్ధాశ్వాలు అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో రావాలి. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి పోయాక వాళ్ళతో మంచిగా ఉండటం విజయనగరానికి ఎంత అవసరమో రాయలకు తెలుసు. మీరు గేమ్‌లో పక్క రాజు దగ్గర మిగిలిన గుర్రాలను, మీకు అక్కర్లేకపోయినా, మూడోవాడికి దక్కకుండా కొంటే రాయలు చెప్పిందే చేస్తున్నట్టు. అందులో పిరికితనం ఎక్కడుంది?

జవాబు:
కోస్తాలోని పాత రేవు మోటుపల్లిలో దొరికిన శాసనం కూడా చెప్పండి గురువుగారూ. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు మొత్తం లాక్కునేవారని, తాను న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోనని కాకతీయ గణపతిదేవుడు అభయమిచ్చింది అందులోనే. 13వ శతాబ్దం మాట. గేమ్‌లో పరాయి బిడారును దోచుకునే బటన్ ఉంటుంది. ఒక్కసారి బంగారం చేతికొస్తుంది, దారి మాత్రం తెగిపోతుంది. నిలబడి ఆడేవాళ్ళు ఆ బటన్ నొక్కరు.

ప్రశ్న అడిగినవారు:
తర్వాతి వీడియో మొదట్లోనే ఈ శాసనం గురించి చెబుతాను. ఆఖరిగా ఒకటి. ప్రపంచ సభలో ఓట్లేసి ఒక రాజ్యంతో వర్తకం ఆపించేస్తారు, ఎంబార్గో. దానికి?

జవాబు:
దానికి కొత్తది వెతకొద్దు. పేపర్లలో రోజూ చూసే "ఆంక్షలు" సరిపోతుంది. "వెనిస్ మీద ఆంక్షలు పడ్డాయి" అంటే వినేవాళ్ళకు వెంటనే తెలుస్తుంది.