రోమన్ దేవతలు గ్రీకు దేవతల మారుపేర్లేనా?

ఏటిగట్టు:
గ్రీకుల జ్యూస్ రోమ్‌లో జూపిటర్ అయ్యాడు, హేరా జూనో అయింది, యుద్ధ దేవుడు ఏరిస్ మార్స్ అయ్యాడు. రోమన్లు దేశాలను గెలిచారు గానీ దేవుళ్లను అరువు తెచ్చుకున్నారనే నా వాదన. క్రీ.పూ. 217లో ఇటలీలోని ట్రాసిమీన్ సరస్సు దగ్గర కార్తేజ్ సేనాని హన్నిబాల్ చేతిలో చావుదెబ్బ తిన్నాక, 12 మంది దేవతలను జంటలుగా శయ్యలపై ఉంచి విందు పెట్టారు. ఆ 12 గ్రీకుల ప్రధాన దేవతల లెక్కే. కాదంటే ఆధారం చూపండి.

శిలాలేఖ:
మీరు చెప్పిన జంటల్లో మార్స్‌నే తీసుకుందాం. గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌లో ఏరిస్ అంటే కన్నతండ్రి జ్యూస్‌కే గిట్టదు. రోమ్‌లో మార్స్ నగర స్థాపకుడు రోములస్‌కు తండ్రి, మార్చి నెల ఆయనదే. రోమన్ రచయిత కేటో వ్యవసాయ గ్రంథంలో ఒక ప్రార్థన ఉంది. రైతు పందిపిల్లను, గొర్రెపిల్లను, దూడను పొలం చుట్టూ తిప్పించి మార్స్‌ను వేడుకుంటాడు: కంటికి కనిపించే జబ్బులనూ కనిపించని జబ్బులనూ దూరంగా ఉంచు, పైరును, ద్రాక్షతోటలను పెరగనివ్వు, కాపరులను, మందలను చల్లగా చూడు. యుద్ధం ఊసే లేదు. ఏరిస్‌ను ఏ గ్రీకు రైతైనా ఇలా అడిగాడా?

ఇక రోబిగస్. ఏప్రిల్ 25న గోధుమకు తుప్పు తెగులు సోకకూడదని ఈ దేవతకు కుక్కను బలి ఇచ్చేవారు. పైరును విడిచిపెట్టి కత్తులకూ ఈటెలకూ తుప్పు పట్టించమని పూజారి వేడుకున్నట్టు రోమన్ కవి ఓవిడ్ రాశాడు. ఈ దేవత మీ జాబితాలో ఎక్కడ?

మాగాణి:
శిలాలేఖ గారూ, తుప్పు తెగులు రోడ్స్ ద్వీపంలోనూ ఉండేది. అక్కడ దాని పేరుతోనే గ్రీకు దేవుడు అపోలోకు గుడి కట్టారు. పైగా రోమ్ నగర నడిబొడ్డున ఉన్న ఫోరంలో, రోమన్ అగ్నిదేవుడు వల్కన్‌దని భావించే పురాతన పూజాస్థలంలో క్రీ.పూ. 6వ శతాబ్దపు ఏథెన్స్ కుండ పెంకులు దొరికాయి. వాటి మీద ఉన్నది గ్రీకుల అగ్నిదేవుడు హెఫైస్టస్ బొమ్మ. మీరు చెప్పిన కేటో కంటే మూడు వందల ఏళ్లకు పైగా పాత సంగతి ఇది. కల్తీ లేని రోమన్ మతం అని దేన్ని చూపగలరు?

శిలాలేఖ:
కల్తీ లేనిది ఉందని నేను అనడం లేదు, ఆ పెంకుల సాక్ష్యం బలమైనదే. కానీ రోడ్స్‌లో తెగులు పని అపోలోకున్న ఎన్నో పనుల్లో ఒకటి. రోమ్‌లో ఆ ఒక్క పనికే ఒక దేవత, ఒక తిథి, ఒక బలి. ఈ పద్ధతి రోమన్లది. అరువు తెచ్చినప్పుడూ ఏది తమది, ఏది పరాయిదన్న లెక్క వాళ్లు మరవలేదు. తమ ఆచారం ప్రకారం బలి ఇస్తే టోగా (ఒంటికి చుట్టుకునే రోమన్ వస్త్రం) కొంగు తల మీదికి లాక్కునేవారు. గ్రీకు పద్ధతిలో ఇస్తే తల మీద ముసుగు ఉండదు. క్రీ.పూ. 204లో ఆసియా మైనర్ నుంచి సిబెలీ దేవిని నల్లరాయి రూపంలో సగౌరవంగా తెచ్చుకున్నారు, గుడీ కట్టారు. కానీ రోమన్ పౌరులు ఆమె పూజారులుగా చేరకూడదని కట్టడి పెట్టారు. మారుపేర్లు పెట్టుకుని సరిపెట్టుకునేవారికి ఇంత పట్టింపు ఎందుకు?

ఏటిగట్టు:
మార్స్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను, ఆ ప్రార్థన నేను చదవలేదు. అపోలో విషయంలో మాత్రం తగ్గను. క్రీ.పూ. 431లో, మనుషులకు సోకిన మహమ్మారి భయంతో మొక్కుకున్న గుడిని ఆయనకు అంకితం చేశారు, పేరు కూడా మార్చలేదు. పెద్ద ఆపద వచ్చినప్పుడు రోమ్ గ్రీకు దేవుడి గడప తొక్కింది. ఇంటి పొయ్యికీ పొలం గట్టుకూ సొంత దేవతలు ఉన్నారంటే సరే, నగరం ప్రాణం మీదికి వచ్చిన రోజున ఎవరిని పిలిచారన్నదే నాకు ముఖ్యం.