జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జ్ పైడెక్ మీద ఉంటే ఫోన్ కిందడెక్ అంటోంది, ఏం చేయాలి?

రోజూ సాయంత్రం ఐదున్నర ఆరు మధ్య మన్‌హాటన్ నుంచి న్యూజెర్సీ వైపు వస్తాను, పాలిసేడ్స్ పార్క్‌వే ఎక్కాలి కాబట్టి అప్పర్ లెవెల్ తీసుకుంటా. మూడు వారాలుగా బ్రిడ్జ్ మధ్యకి రాగానే నావిగేషన్ నన్ను లోయర్ లెవెల్‌కి మార్చేస్తోంది, అక్కణ్ణించి బ్రిడ్జ్ దిగగానే వచ్చే ఫోర్ట్ లీ ఊరు దాకా చెప్పే టర్న్‌లన్నీ తప్పే, ఒకసారి నమ్మి వెళ్లి ఇరవై నిమిషాలు తిరిగాను.

రెండు డెక్‌లూ ఒకదాని కింద ఒకటి కదా, మ్యాప్‌లో చుక్క ఒకే చోట పడుతుందని తెలుసు. కానీ పైన ఎనిమిది లేన్లూ ఓపెన్ ఆకాశమే, ఇనుము అడ్డొచ్చేది కింద ఆరు లేన్లకి, మరి తేడా పైన ఎందుకు వస్తోందో అర్థం కాలేదు.

చేసినవి: కంపాస్ కాలిబ్రేట్ చేశా, ప్రిసైజ్ లొకేషన్ ఆన్‌లోనే ఉంది, బ్యాటరీ సేవర్ ఆపేశా, ఫోన్‌ని కప్ హోల్డర్ నుంచి అద్దం దగ్గరికి మార్చా, వేరే యాప్ కూడా చూశా, అదీ అంతే. కార్‌ప్లే (ఫోన్‌ని కారు స్క్రీన్ మీద చూపించేది) తీసేసి ఒట్టి ఫోన్‌తో వెళ్లినా మార్పు లేదు.

బ్రిడ్జ్ ఎక్కేముందే ఏ డెక్కో మనమే ఫిక్స్ చేసి, మధ్యలో మారకుండా ఆపే పద్ధతి ఎవరికైనా దొరికిందా?