నడుము చుట్టుకొలత, పరగడుపు షుగర్: బిళ్లలు వాడేవాళ్లని లెక్కలో ఉంచాలా?

నడుము కొలతని బట్టి పరగడుపు షుగర్ అంచనా వేయొచ్చా అని కాలేజీ ప్రాజెక్టు కోసం చూస్తున్నాను. గుంటూరు బ్రాడీపేటలో మా చుట్టుపక్కల 64 మంది, 30 నుంచి 60 ఏళ్లవాళ్లు. పొద్దున 6-7 మధ్య, కనీసం 8 గంటలు ఏమీ తినకుండా, ఒకే గ్లూకోమీటర్‌తో చూశాను. మొదటిరోజు చీర కుచ్చిళ్ల మీదుగానే టేపు చుట్టేశాను, రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది. ఆ 11 మందికీ కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్యన టేపు పెట్టి మళ్లీ కొలిచాను. కాబట్టి కొలతల మీద నాకు అనుమానం లేదు.

ఎక్సెల్‌లో కోరిలేషన్ (రెండూ ఎంతవరకు కలిసి పెరుగుతాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.31, పి విలువ (అసలు సంబంధమే లేకపోయినా ఇంత అంకె కాకతాళీయంగా వచ్చే అవకాశం, మామూలుగా 0.05 లోపు ఉండాలంటారు) 0.013 వచ్చింది. సంతోషించేలోపే గ్రాఫ్‌లో ఒక్క చుక్క అందరికంటే పైన కనిపించింది: ఒకాయన షుగర్ 312. స్పియర్‌మన్ ర్యాంకులతో, అంటే అసలు అంకెల బదులు వరస స్థానాలతో, కోరిలేషన్ చేస్తే 0.22కి పడిపోయింది, పి 0.08. మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెం.మీ. అని నడుము హద్దులు వేరు కదా అని విడివిడిగా కూడా చేశాను. మంది తగ్గేసరికి ఏదీ నిలబడలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. 19 మంది షుగర్ బిళ్లలు వాడుతున్నారు, ఆ 312 ఆయనతో సహా. వాళ్లలో కొందరికి నడుము 95 దాటినా షుగర్ 110 లోపే ఉంది, అది బిళ్లల వల్లే అనుకుంటున్నాను. వాళ్లని తీసేస్తే 45 మందికి 0.18, పి 0.24. కానీ తీసేస్తే షుగర్ జబ్బు ఉందని తేలినవాళ్లే పోతున్నారు!

ఈ 19 మందిని పూర్తిగా వదిలేయాలా, లేక రిగ్రెషన్‌లో (నడుము లాంటి వాటినుంచి షుగర్‌ని అంచనా వేసే సమీకరణంలో) బిళ్లలకి 0/1 కాలమ్ (వాడితే 1, వాడకపోతే 0) ఒకటి పెట్టి అందరినీ ఉంచాలా?