తమ్ముడి తాగుడు వయసుతో పాటు పోతుందా? చిన్నవాడు ఆ దారి పట్టకుండా ఏం చేయాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. మా పెద్ద తమ్ముడికి 20 ఏళ్ళు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మొదట్లో పుట్టినరోజులకూ, పరీక్షలు ముగిసిన రాత్రులకూ పరిమితమైన తాగుడు ఇప్పుడు ప్రతి శని, ఆదివారాలకూ పాకింది. మొన్న దసరాకు వచ్చినప్పుడు స్నేహితులతో పొలం దగ్గర కూర్చుని, తెల్లవారుజామున బండి నడుపుకుంటూ ఇల్లు చేరాడు. కాలికి ఒక్క చెప్పే ఉంది, మోచేయి గీసుకుపోయి రక్తం కారుతోంది, ఎక్కడ పడ్డాడో వాడికే గుర్తు లేదు. అమ్మ పసుపు అద్ది పడుకోబెట్టి, మధ్యాహ్నం వాడు లేచాక ఏమీ జరగనట్టే అన్నం వడ్డించింది. నాన్నేమో "వయసులో ఉన్నవాళ్ళు ఆ మాత్రం తాగుతారు, పెళ్ళి చేస్తే దారికొస్తాడు" అంటున్నారు. పండుగలకూ దావతులకూ తాగే అలవాటు ఆయనకూ ఉండటం వల్ల గట్టిగా మందలించలేకపోతున్నారు.

తొమ్మిదో తరగతి చదివే చిన్న తమ్ముడి గురించి నాకు ఇంకా ఎక్కువ బెంగగా ఉంది, ఎందుకంటే అన్న ఏం చేస్తే అదే గొప్ప అనుకునే వయసు వాడిది. బడిలో మద్యానికి వ్యతిరేకంగా ప్రతిజ్ఞ చేయించి ర్యాలీ తీశారు. ఆ ర్యాలీ సాగిన వీధిలోనే బెల్టు షాపు ఉంది. పెద్దవాడి విషయంలో ఇది ఆసుపత్రిదాకా వెళ్ళాల్సిన సంగతేనా, చిన్నవాణ్ణి ఎలా కాపాడుకోవాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

వైద్యమిత్ర

అమ్మా, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మోచేతి గాయం కాదు, ఎక్కడ పడ్డాడో గుర్తు లేకపోవడం. తక్కువ సమయంలో ఎక్కువ మద్యం తాగినప్పుడు రక్తంలో దాని మోతాదు ఒక్కసారిగా పెరిగి, మనిషి మాట్లాడుతూ, నడుస్తూ, చివరికి బండి కూడా నడుపుతూనే ఉన్నా, మెదడు ఆ సమయంలో జరిగినవాటిని జ్ఞాపకంగా భద్రపరచుకోలేని స్థితికి చేరుతుంది. ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉండే మెదడుకు ఇది పదేపదే జరగడం మంచిది కాదు. రోజూ తాగడం లేదు కాబట్టి ఫరవాలేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

యువకులు చాలామంది "బీరే కదా" అంటారు. లెక్క చూడండి. 10 గ్రాముల ఆల్కహాలును ఒక ప్రమాణంగా తీసుకుంటే, 8 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్క సీసాలోనే నాలుగు ప్రమాణాలు ఉంటాయి. 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్‌లో ఆరు ఉంటాయి. రెండు గంటల్లో ఐదు ప్రమాణాలు దాటితే దాన్ని ప్రమాదకరమైన తాగుడుగానే పరిగణిస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. మొత్తం 40 మార్కుల్లో 8 లేదా అంతకు మించి వస్తే వైద్యుణ్ణి కలవడం మంచిది. దాన్ని మీ తమ్ముడి చేతికే ఇచ్చి నింపమనండి. మనం వేసే నింద కంటే తాను స్వయంగా వేసుకున్న మార్కులు మనిషిని ఎక్కువగా ఆలోచింపజేస్తాయని నేను ఓపీలో తరచూ గమనిస్తుంటాను.

మాట్లాడటానికి సమయం ముఖ్యం. తాగి ఉన్నప్పుడు గానీ, బంధువుల ముందు గానీ ఎత్తవద్దు. మత్తు పూర్తిగా దిగాక, ఆ రాత్రి ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పి, అతను చెప్పేది వినండి. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. పొద్దున లేవగానే చేతులు వణకడం, వణుకు తగ్గడానికి మళ్ళీ తాగడం వంటి లక్షణాలు ఉన్నవారు ఇంట్లోవాళ్ళ ఒత్తిడితో ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. అటువంటివారికి వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. మీ తమ్ముడు ఆ దశలో ఉన్నట్టు కనిపించడం లేదు, అందుకే ఇప్పుడే కదలడం మేలు.

పెళ్ళి చికిత్స కాదు. ఆ ఆలోచన వల్ల ఇంకొక ఇంటి ఆడపిల్ల జీవితం కష్టాల పాలవుతుంది.

పెన్నాఒడ్డు

చెల్లీ, నేను నెల్లూరు జిల్లాలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ర్యాలీ దారిలోనే బెల్టు షాపు ఉందన్న మీ వాక్యం చదివి మా జిల్లా దూబగుంట గుర్తుకు వచ్చింది. 1992లో అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకుంటున్న ఆ ఊరి ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందుండగా, తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వాళ్ళు మగవాళ్ళను మారమని బతిమాలుతూ కూర్చోలేదు, సరుకు ఊళ్ళోకి రాకుండా చూశారు. ఆ కదలిక రాష్ట్రమంతా వ్యాపించి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తివేశారు. ఎత్తివేతకు చూపిన కారణాల మీద వాదించడం నా ఉద్దేశం కాదు, కానీ పిల్లవాడికి ఎంత దగ్గరలో దొరుకుతోందన్నదే మొదటి ప్రశ్న అని ఆ ఆడవాళ్ళు ఆనాడే గ్రహించారు.

మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మడం నేరం. బెల్టు షాపుకైతే అసలు లైసెన్సే ఉండదు. అక్కడ వయసు అడిగేవారు లేరు, పైగా ఖాతా రాసుకుని అప్పుకూ ఇస్తారు. మీరు ఒక్కరే వెళ్ళి గొడవపడవద్దు. మీ పొదుపు సంఘం మహిళలతో కలిసి గ్రామసభలో తీర్మానం చేయించి, ఎక్సైజ్ అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

ఇంట్లో కూడా ఒక మాట. నాన్నగారికి చిన్నవాణ్ణి పంపి సీసా తెప్పించుకునే అలవాటు, గ్లాసులూ మంచింగూ అందించమనే అలవాటు ఉంటే ఈ రోజు నుంచే మాన్పించండి. మా బడిలో ఏడో తరగతి పిల్లలు ఏ బ్రాండు ధర ఎంతో తడుముకోకుండా చెప్పేవారు. వాళ్ళకు ఆ సంగతి నేర్పింది స్నేహితులు కాదు, సొంత ఇల్లే.

మైదానం

నేను జూనియర్ కళాశాలలో వ్యాయామ అధ్యాపకుణ్ణి. పెన్నాఒడ్డు గారి మాటకు నాదొక చేర్పు. అమ్మకాన్ని అడ్డుకోవడం ఎంత అవసరమో, పిల్లల సాయంత్రాలను నింపడం కూడా అంతే అవసరం. ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గడచిన నెలరోజుల్లో కనీసం ఒకసారి మత్తెక్కేదాకా తాగినట్టు సర్వేలో చెప్పారు. 2016కు ఆ సంఖ్య 5 శాతానికి తగ్గింది. వాళ్ళు భయపెట్టే ఉపన్యాసాల మీద ఆధారపడలేదు. పిల్లలు రాత్రి పొద్దుపోయాక పెద్దల తోడు లేకుండా బయట తిరగకూడదని నియమం పెట్టారు, మద్యం కొనే వయసును 20 ఏళ్ళుగా ఉంచారు, తల్లిదండ్రులు బడి స్థాయిలో కలిసి ఒప్పందాలు రాసుకున్నారు, ఆటలకూ సంగీతానికీ అయ్యే ఖర్చులో కొంత ప్రభుత్వమే భరించింది. మనది వేరే సమాజమే అయినా, సాయంత్రం ఐదు గంటలకు తాళం పడే బడి మైదానాన్ని ఏడున్నరదాకా తెరిచి ఉంచడానికి మనకు కొత్త చట్టం అక్కరలేదు. మీ చిన్న తమ్ముడి స్నేహితుల తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి, పిల్లలు ఎన్ని గంటలకు ఇల్లు చేరాలో కూడా అందరూ ఒకే మాట మీద ఉండండి. ఒక్క ఇంట్లోనే నియమం ఉంటే పిల్లవాడికి అది శిక్షలా అనిపిస్తుంది.

కృష్ణాతీరం

ముగ్గురికీ కృతజ్ఞతలు. నాన్న చిన్నవాణ్ణి షాపుకు పంపడం నిజమే. ఈ రాత్రే ఆయనతో మాట్లాడతాను. డాక్టర్ గారూ, పెద్ద తమ్ముడు ఆసుపత్రికి రానని మొండికేస్తే మేము ఏం చేయగలం?

వైద్యమిత్ర

అతను రాకపోయినా మీరు మొదలుపెట్టవచ్చమ్మా. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ అయిన టెలి మానస్ 14416 నంబరుకు కుటుంబసభ్యులు కూడా ఫోన్ చేసి తెలుగులోనే సలహా తీసుకోవచ్చు. మత్తు అలవాట్ల కోసమే కేంద్ర ప్రభుత్వం నడిపే 14446 కూడా ఉంది. ఈలోగా రెండు పనులు చేయండి. హాస్టల్ ఖర్చులకు పంపే డబ్బులో ఫీజునూ మెస్ బిల్లునూ నేరుగా కళాశాలకే చెల్లించండి. తాగిన రాత్రి బండి తీయకుండా ఏ వేళకైనా మీకు ఫోన్ చేస్తే, ఆ రాత్రికి ఒక్క మాట కూడా అనకుండా ఇంటికి చేర్చే ఏర్పాటు చేస్తామని అతనికి మాట ఇవ్వండి. మాట్లాడటం మర్నాడు. ఆ మాట నాన్నగారి నోట వస్తే ఇంకా మంచిది.